చెట్ల పనికి పొక్లెయిన్ వెతుక్కుంటూ గుడివాడ నుంచి దివిసీమ దాకా

ఈ బ్లాగు చదివేవాళ్లు నా దగ్గర బీచ్ కబుర్లు, హోటళ్ల రేట్లు, బస్సుల టైములు ఆశిస్తారు. అవీ కొన్ని ఈసారి ఉంటాయి. కాకపోతే పోయిన నెల రెండో శనివారం నేను బయల్దేరింది ఊళ్లు చూడటానికి కాదు, ఒక ఇనప మిషన్‌ని చూడటానికి. మా ఆయన ప్రసాద్ పదేళ్లుగా పొక్లెయిన్ నడుపుతున్నారు. నేను బందరులో ఒక స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఇంట్లో ఇద్దరికీ వాదన వస్తే ఎవరు గెలుస్తారో మీరే ఊహించుకోండి. ఈ ప్రయాణం మాత్రం వాదనతో మొదలవలేదు, చొక్కా జేబుతో మొదలైంది.

మొన్న వానాకాలంలో మంగినపూడి దారిలో ఒక ఇంటి మీదకి నిద్రగన్నేరు చెట్టు వాలిపోతే దాన్ని తీసే పని ఈయనకి వచ్చింది. చెరువులు తవ్వే మిషన్ ఒకటి అద్దెకి తీసుకుని వెళ్లారు. కొమ్మలు లాగుతుంటే పైనున్న ఎండుకొమ్మ ఒకటి విరిగి, కేబిన్ ముందు అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకొచ్చింది. "ఆ టైముకి నేను టీకి దిగాను కరుణా, దేవుడి దయ" అని ఆ సాయంత్రం చెప్పారు. ప్రార్థన చేసుకుని పడుకున్నాం. మర్నాడు బట్టలు నానబెడుతుంటే ఆయన చొక్కా జేబులో చిటికెడు గాజుముక్కలు దొరికాయి. అడిగితే "కేబిన్ ఊడుస్తుంటే పడుంటాయి" అన్నారు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఈయన చీపురు పట్టుకోవడం నేను చూడలేదు. దాని మీద వాదన పెట్టుకోకుండా ఒక షరతు పెట్టాను. తల మీద, ముఖం ముందు ఇనప కంచె ఉన్న కేబిన్ అయితేనే ఇక చెట్ల పని. లేకపోతే చెరువులే తవ్వుకోండి అన్నాను.

అద్దె మిషన్ ఓనరు ఒప్పుకోలేదు. చెరువుల మిషన్‌కి బోను కడితే తర్వాత ఎవరూ పిలవరట. చెట్ల పనులు మాత్రం మా వైపు ఏడాది పొడుగునా ఉంటాయి. గాలివానకి రోడ్డుకి అడ్డం పడినవి, ఇళ్ల మీదకి వాలిన కొబ్బరిచెట్లు, కోత అయిపోయిన సరుగుడు తోటల్లో మిగిలే మొదళ్లు. అందుకని బ్యాంకు లోను పెట్టి సొంతంగా ఒక పాత మిషన్ కొని, చెట్ల పనికి తగ్గట్టు మార్పించుకుందామని అనుకున్నాం. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లకి మా ఒక్కరోజు తిరుగుడు పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం ఆరుంపావుకి బైకు మీద బందరు నుంచి బయల్దేరాం. గుడివాడకి గుడ్లవల్లేరు మీదుగా దగ్గర దారి ఉంది. ఈయనకి పామర్రులో పెసరట్టు తినకుండా ఏ శుభకార్యమూ మొదలవదు కాబట్టి హైవే పట్టుకున్నాం. మూడొందల పెట్రోలు రోజంతటికీ చాలింది. పామర్రు సెంటర్ చేరేసరికి ఏడు. రెండు పెసరట్లు, రెండు టీలు కలిపి నూటనలభై. అక్కడ తింటూ అసలు సంగతి బయటపెట్టారు. ఈయన మనసు లాంగ్ బూమ్ మిషన్ మీద పడింది. బూమ్ అంటే మిషన్ చేయి. గుడివాడ చుట్టుపక్కలంతా చేపల చెరువులు. గట్టు మీద నిలబడి చెరువు నడిమధ్య నుంచి బురద ఎత్తి తేవాలి కాబట్టి, చేయి ఎంత పొడుగైతే మిషన్‌కి అంత గౌరవం. పెళ్లి సంబంధాల్లో అబ్బాయి ఉద్యోగం అడిగినట్టు మా దగ్గర ఆపరేటర్లు బూమ్ పొడుగు అడుగుతారు.

"చేయి పొడుగైతే చెట్టుకి దూరంగా ఉండి పని చేసుకోవచ్చు. నీకు కావాల్సింది అదేగా?" అన్నారు, నా ఆయుధం నామీదే ప్రయోగిస్తూ.

"దూరంగా ఉండి బురద ఎత్తొచ్చు, మాను ఎత్తలేరు. బరువు దూరం జరిగేకొద్దీ మిషన్‌ని ముందుకి వంచేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెప్తారు."

"ఎనిమిదో తరగతి పిల్లలు మిషన్ నడపరు" అన్నారు.

పెనం దగ్గరున్న ఆవిడ చేతిలో అట్లకాడ జానెడు కూడా లేదు. సెగ అంత దగ్గర్నించి కొడుతుంటే పొడుగుది వాడొచ్చుగా అని అడిగాను. "పొడుగు కాడైతే అట్టు లేవదమ్మా, మణికట్టు లేచిపోద్ది" అంది నవ్వుతూ. నేను ఈయన వైపు చూశాను. ఈయన అల్లప్పచ్చడి వైపు చూశారు.

గుడివాడలో మాకు తెలిసిన బ్రోకరు రాజుగారు. పాత మిషన్లు కొనిపించడం, అమ్మించడం ఆయన పని. ఊరి శివార్లలో ఆయన యార్డుకి ఎనిమిదింటికల్లా చేరాం. అక్కడ పద్నాలుగు టన్నుల మిషన్ ఒకటి మూలన ఉంది. రంగు వెలిసిపోయి, అద్దాలకి దుమ్ము పట్టి, చేయి మామూలు పొడుగులో, ఏదో తప్పు చేసి బెంచీ ఎక్కిన పిల్లాడిలా నిలబడి ఉంది. అంతకుముందు ఇటుక బట్టీలో పని చేసిందట.

"ఇది మీకెందుకండీ? చేయి పొట్టిది. చెరువులోళ్లు ఎవరూ అడగరు, అందుకే రేటు తగ్గించి పెట్టా" అన్నారు రాజుగారు. తర్వాత ఫోన్ తీసి లాంగ్ బూమ్ ఫొటో చూపించారు. మా ఆయన కళ్లు వెలిగిపోయాయి. మా పెళ్లిచూపుల్లో కూడా అంత వెలుగు నేను చూడలేదు.

"ఇప్పుడిది అవనిగడ్డ అవతల, నాగాయలంక దారిలో పూడిక తీస్తాంది. మధ్యాహ్నం ఎల్లి నడిపి చూస్కోండి. ఆపరేటర్ నాంచారయ్యకి ఫోన్ చేసి చెప్తా."

ఎలాగూ వచ్చాం కదా అని పొట్టిదాన్ని కూడా చూసిపెట్టమన్నాను. మొహమాటానికే అయినా ఈయన పని తెలిసిన మనిషి. బకెట్‌ని నేలకి ఆనించి చేతిని అటూ ఇటూ ఊపి, కీళ్ల దగ్గర పిన్నులు ఎంత అరిగాయో చూశారు. సిలిండర్ల రాడ్ల మీద గీతలు వెతికారు. మిషన్ అరగంట నడిపాక ఆయిల్ ఎక్కడైనా చెమ్మగిల్లిందేమోనని పాత గుడ్డతో తుడిచి చూశారు. నేను రెండు ప్రశ్నలు మాత్రం అడిగాను. చేతి చివరిదాకా అదనపు ఆయిల్ లైను ఉందా? మిషన్ కింద చక్రాల బదులుండే చెయిన్‌కి వెడల్పాటి పలకలు వేయడానికి వీలవుతుందా? మొద్దుల్ని పట్టుకునే గ్రాపిల్ బిగించాలంటే మొదటిది కావాలి. మా నల్లమట్టిలో దిగబడకుండా ఉండాలంటే రెండోది కావాలి. ఆయిల్ లైను లేదు గానీ వేయించుకోవచ్చట, పలకలు మార్చుకోవచ్చట. ఇంకో మంచి మాట కూడా రాజుగారి నోటి నుంచే వచ్చింది. పద్నాలుగు టన్నులదైతే పల్లెల్లో పంటకాలువల మీదున్న చిన్న వంతెనలకి అంత బెంగ ఉండదు, పెద్దదైతే ప్రతి వంతెన దగ్గరా దిగి ఆలోచించాలి అన్నారు.

తొమ్మిదిన్నరకి వెల్డర్ వీరభద్రంగారి షెడ్డుకి వెళ్లాం. ఆయనకి అరవై దాటి ఉంటాయి. దుక్కి దమ్ముల్లో ట్రాక్టర్లకి వేసే ఇనప దమ్ము చక్రాలు చేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనకి పేరు. షెడ్డు ముందు అవి గుట్టలుగా ఉన్నాయి. కేబిన్‌కి కంచె కావాలని చెప్పి, ఫోన్లో దించుకున్న బొమ్మలు చూపించాను. ఆయన ఫోన్ పక్కన పెట్టేసి మా ఆయన్ని అడిగారు.

"ఎక్కడ తగిలింది బాబూ?"

"ముందు అద్దానికి, బాబాయిగారూ."

"అద్దం సంగతి కాదు. నీకెక్కడ తగిలింది?"

"నాకేం తగల్లేదు. నేను టీకి దిగా" అని ఈయన చేతిలో ఉన్న టీ గ్లాసులోకి చూశారు.  వీరభద్రంగారు సుద్దముక్క తీసుకుని నేల మీదే బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

ఆ అరగంటలో నేను నేర్చుకున్నంత బీఎడ్‌లో కూడా నేర్చుకోలేదు. కంచెని కేబిన్ రేకుకి అతికిస్తే ఉపయోగం లేదట, రేకు కంచెతో సహా కుంగిపోతుంది. కింద కేబిన్‌ని మోసే బలమైన ఫ్రేముకి కాళ్లు దించి కట్టాలి. పైకప్పు బల్లపరుపుగా ఉంటే పడిన కొమ్మ అక్కడే కూర్చుంటుంది, కొంచెం వాలుగా చేస్తే జారి పక్కకి పోతుంది. ముందువైపు కడ్డీలు డ్రైవరు కళ్లకి అడ్డం రాకూడదు, మొండిగా విరిగిన కొమ్మ సందులోంచి దూరనూ కూడదు. వాటి వెనక గాజు బదులు పగలని మందపాటి ప్లాస్టిక్ పలక వేయాలి. "ఎనకమాల అద్దం మాత్రం తెరుచుకునేలా ఉంచుతానమ్మాయ్. బోనులో పెట్టి కాపాడాలి గానీ, బోనులో పెట్టి పాతెయ్యకూడదుగా" అన్నారు. మా ఫ్రిజ్ మీద రాసి అతికించాల్సిన మాట అది.

ఇక బకెట్ సంగతి. గ్రాపిల్ మంచిదే గానీ ఖరీదు. మొదట్లో బకెట్‌కి ఎదురుగా ఒక ఇనప బొటనవేలు బిగించుకుంటే చాలని ఆయన సలహా. మన చేతికి బొటనవేలు ఎలాగో ఇదీ అలాగే, మొద్దుని బకెట్‌కీ వేలికీ మధ్య నొక్కి పట్టుకోవచ్చు. సరుగుడు మొదళ్లకి బకెట్ తీసేసి, మట్టి సందుల్లోంచి జారిపోయేలా పళ్లున్న గొర్రు లాంటిది వేసుకోవాలి. కంచెకీ, వేలికీ, గొర్రుకీ కలిపి లక్షా డెబ్బై వేలు చెప్పారు, లక్షా యాభైకి దిగారు. వారం టైము. ఏ మిషన్ కొంటామో సాయంత్రం చెప్తామన్నాం. మేము బైకు ఎక్కుతుంటే "పొడుగు చేతి దానికి బోను కట్టమంటే కడతా, కానీ పొట్టిదైతే నిద్ర పడుద్ది నాకు" అని గొణిగారు. ఎవరితో అన్నారో గానీ, మా ఆయనకి మాత్రం వినపడనట్టే ఉంది.

మళ్లీ పామర్రు వచ్చి, కూచిపూడి, మొవ్వ మీదుగా చల్లపల్లి దారి పట్టాం. రోడ్డుకి రెండు పక్కలా వరి బంగారు రంగుకి తిరుగుతోంది. చల్లపల్లిలో ఒంటిగంటకి భోజనం చేశాం. ప్లేటు నూటయాభై, గోంగూర, పప్పుచారు, చేపల పులుసు, గడ్డపెరుగు. దివిసీమలోకి వెళ్లేవాళ్లు అక్కడే తినేసి వెళ్లడం మంచిది. మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, అవనిగడ్డ నుంచి నాగాయలంక రోడ్డు మీద కొంతదూరం వెళ్లేసరికి రెండున్నర. కాలువ గట్టు మీద నిలబడిన ఆ మిషన్‌ని చూస్తే నాక్కూడా ఒక్క క్షణం మనసు లాగింది. బాగుంది మరి. కొంగ మెడలా చాపిన చేయి కాలువ అవతలి ఒడ్డుని సునాయాసంగా అందుకుంటోంది.

నాంచారయ్య నలభై ఏళ్ల మనిషి, మాటకారి. "పదిహేనేళ్లుగా ఇదే పనండీ. బురదలో నాకు ఎదురు లేదు" అన్నాడు. బురద కాదు, చెట్టు ఎత్తి చూపించమన్నాను. కాలువలో పడి సగం పూడికలో కూరుకుపోయిన నిద్రగన్నేరు మాను ఒకటి దగ్గర్లోనే ఉంది. దాన్ని తీసే పని కూడా వాళ్ల లిస్టులోనే ఉందట. మా ఆయన నడుపుతానన్నారు. కేబిన్‌కి కంచె లేదు, మీరు ఎక్కడానికి వీల్లేదన్నాను. చిన్నబుచ్చుకున్నారు గానీ ఆగారు. నాంచారయ్య గొలుసు చుట్టించి, కూలీలందర్నీ దూరం పంపించి కేబిన్ ఎక్కాడు. మేమిద్దరం గట్టు దిగి, పక్క చేలో చాలా వెనక్కి వెళ్లి నిలబడ్డాం.

అవతలి ఒడ్డు దగ్గరున్న మాను అది. చేయి మొత్తం చాపితే గానీ అందదు. లాగడం మొదలెట్టగానే గొలుసు బిగిసింది, ఇంజను మూలిగింది, మాను కదల్లేదు. మా కాలువ పూడిక సంగతి తెలిసినవాళ్లకి తెలుసు, ఏది దిగబడినా అడుగు నుంచి పట్టుకుని వదలదు. నాంచారయ్య ఇంకొంచెం ఎత్తాడు. అప్పుడు లేచింది మాను కాదు, మిషన్ వెనకభాగం. చెయిన్లు వెనకవైపు మూరెడు ఎత్తున గాల్లోకి లేచాయి. ఇరవై టన్నుల ఇనుము కాలువ వైపు ముక్కు వంచి అలా ఒక్క ఊపిరంతసేపు ఆగింది. నేను ఈయన చెయ్యి పట్టుకున్నానని తర్వాత గోళ్ల గాట్లు చూస్తే తెలిసింది. నాంచారయ్య చటుక్కున బూమ్ వదిలేశాడు. మిషన్ వెనక్కి ధబ్బుమని కూర్చుంది. మా కాళ్ల కింద నేల అదిరింది.

అతను దిగి వచ్చి తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "తప్పు నాదేనండీ. బురద అలవాటుతో లాగేశా. బురదైతే బకెట్లోంచి కారిపోద్ది, మాను కారదుగా" అన్నాడు. తర్వాత మా ఆయన భుజం తట్టి, "చెట్లకి ఇది వద్దు బావా. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే" అన్నాడు. అమ్మకానికి పెట్టిన మిషన్ గురించి దాని ఆపరేటరే అలా చెప్పడం ఎంత పెద్ద మనసో ఆలోచించండి. అతనికి మనసారా దణ్ణం పెట్టాను.

ఎనిమిదో తరగతి పాఠం గురించి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడే అవసరం లేకపోయింది. ఈయన గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ మిషన్‌నే చూశారు. నేను ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. తాగలేదు.

"ఆ రోజు నేను టీకి దిగలేదు కరుణా" అన్నారు.

"తెలుసు."

"సీట్లోనే ఉన్నా. కొమ్మ కుడి చెవి పక్క నుంచి వచ్చి సీటు వెనక దిగింది. మెడ అటు తిప్పున్నా కాబట్టి సరిపోయింది. చెప్తే నువ్వు చెట్ల పనే మానిపిస్తావని..."

"మానిపించేదాన్నే" అన్నాను. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలీదు. "కొమ్మ పడ్డందుకు కాదు నా బాధ. ఒక్కడివీ మోసుకు తిరిగినందుకు" అని, పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన్ని నువ్వు అని పిలిచేశాను. ఆయన గమనించారు. చల్లారిపోయిన టీ తాగేసి, ఫోన్ తీసి రాజుగారికి చేశారు. "ఆ పొట్టిదే ఖాయం చెయ్యండి. వీరభద్రం బాబాయికి కూడా చెప్పండి, ఆయన్ని నిద్రపోమనండి" అన్నారు.

చల్లపల్లి మీదుగా తిన్నగా బందరు రోడ్డు పట్టుకుని దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరాం. ఆ పూట దారి పొడుగునా ఈయన ఒకటే మాట్లాడారు. మొద్దులు ఎలా పేర్చాలి, కరెంటు తీగలున్న చోట లైన్‌మన్‌ని ఎలా పిలిపించాలి, కాలువ గట్టు చెట్టు ముట్టుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి. ఇన్నాళ్లూ ఆయన మాటలు తక్కువ మనిషని అనుకున్నాను. చెప్పకూడనిది ఒకటి నోట్లో పెట్టుకుని తిరిగితే మిగిలినవి కూడా బయటికి రావని ఇప్పుడు అనిపిస్తోంది.

రెండు వారాలకి మిషన్ వచ్చింది. వెడల్పు పలకలు, ఇనప బొటనవేలు, వాలుగా ఉన్న కప్పుతో పచ్చరంగు కంచె. చూడటానికి కోళ్లగూడు ఎక్కించుకున్న ట్రాక్టరులా ఉందని పాత స్నేహితులు ఏడిపిస్తున్నారు. మంగినపూడి వైపు సరుగుడు మొదళ్ల పని పది రోజులు నడిచింది. ఆ తర్వాత ఒక గురువారం నేను స్కూల్లో ఉండగా ఇంటర్వెల్‌లో ఫోన్ మోగింది. పని మధ్యలో ఈయన ఎప్పుడూ ఫోన్ చేయరు. "కరుణా, తుమ్మకొమ్మ ఒకటి కప్పు మీద పడింది. జారి పక్కకి పోయింది. ఒక కడ్డీ వంగింది అంతే. నేను లోపలే ఉన్నా" అన్నారు. ఆ వెంటనే, "టీ ఇంకా తాగలేదు" అన్నారు. నేను స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతూ ఏడుస్తుంటే తెలుగు టీచరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఒకే రోజులో నాలుగు ఊళ్లు తిరిగి మేము కొన్నది అందరూ వద్దన్న మిషన్‌ని. చెరువుల దేశంలో పొడుగు చేతికి గౌరవం ఉండటంలో తప్పు లేదు, అది ఆ పనికి పుట్టింది. మన పని ఏమిటో మనం మర్చిపోయి ఊరి గౌరవాన్ని కొనుక్కుంటేనే చిక్కు. మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే నాదొక్కటే సలహా: డబ్బు ఇచ్చే ముందు, మిషన్ చేయి పూర్తిగా చాపించి అసలైన మానుని ఒక్క జానెడు ఎత్తి చూపించమనండి, మీరు మాత్రం దూరంగా నిలబడండి. చెయిన్లు నేలని వదిలితే ఆ బేరం మీరూ వదిలేయండి. ఇక ఇంటి సంగతి అంటారా, ఉతికే ముందు చొక్కా జేబులు తడమడం నేను మానలేదు. నిన్న రెండు సరుగుడు పుల్లలు, ఒక పల్లీల పొట్లం దొరికాయి. గాజు లేదు.